వెనక్కి జరిగిన ఎడమ చక్రం

2022 జూన్. ఆత్మకూరులో, నెల్లూరు వైపు వెళ్ళే రోడ్డు పక్కన మా షెడ్డు. రేకుల కప్పు కింద మూడు కార్లు పడతాయి. ఒక పక్క వీల్ అలైన్‌మెంట్ మెషిన్, ఇంకో పక్క టైర్లు ఊడదీసే మెషిన్. పద్దెనిమిదేళ్ళు అన్నా నేనూ కలిసి దాన్ని నడిపాం. ఆ మే నెలలో అన్న గుండెపోటుతో పోయాడు. కర్మలయ్యాక ఒక వారం షెడ్డు మూసే ఉంచి, తర్వాత తెరిచాను. ఇంట్లో కూర్చోవడం చేతకాక తెరిచాను. షెడ్డులో ఉండటం కూడా చేతకావడం లేదని తెరిచాక తెలిసింది.

పని పంచుకున్నామని మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు. అయినా పంచుకునే ఉన్నాం. మెషిన్ నాది. టేపు ఆయనది. బండి మెషిన్ దగ్గరికి వచ్చే ముందు అన్న వంగి, ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండు వైపులా టేపుతో కొలిచేవాడు. రెండు కొలతలూ ఒకటే అయితే బండిని నాకు వదిలేవాడు. తేడా ఉంటే జాకీ తెచ్చి కిందికి దూరేవాడు. ఆయన పోయాక ఆ కొలత ఎవరూ తీయలేదు. నేను మరిచిపోయానని చెప్పలేను. అది ఎప్పుడూ నా చేతిలో లేని పని.

ఒక సోమవారం పదకొండు గంటలకు తెల్లటి చిన్న కారు వచ్చింది. నడుపుతున్నతని పేరు మాల్యాద్రి, ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. ఉదయగిరికి పది కిలోమీటర్లు ఇవతల అతని ఊరు. గొర్రెలు మేపే కుటుంబం. తల్లికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు నెల్లూరుకు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. మందలో సగం అమ్మి ఈ బండి కొన్నాడు. పక్క ఊళ్ళలో అదే జబ్బుతో ఉన్న మరి ఇద్దరిని కూడా ఎక్కించుకుంటాడు. తెల్లవారుజామున నాలుగుకు బయలుదేరితే వంద కిలోమీటర్లు పోను, వంద రాను.

"గుంతలో పడిందన్నా," అన్నాడు. "అప్పట్నించి ఎడమకి లాగతా ఉండాది. రేప్పొద్దన మళ్ళా నెల్లూరికి పోవాల."

గుంత అనే మాట మా పనిలో ముఖ్యం. గుంతలో పడితే దెబ్బ కింది నుంచి తగులుతుంది. రిమ్ వంగుతుంది, షాకబ్జార్బర్ పోతుంది. అందుకని పైకీ కిందికీ చూస్తాం. రోడ్డు మధ్య డివైడర్ గట్టుకు కొట్టుకుంటే దెబ్బ ముందు నుంచి, పక్క నుంచి తగిలి చక్రాన్ని వెనక్కి నెడుతుంది. అప్పుడు చూడాల్సింది లోయర్ ఆర్మ్. చక్రాన్ని కింది వైపు బండికి పట్టి ఉంచే ఇనుప ముక్క అది. బండివాడు ఏం చెబితే మా కళ్ళు అటే పోతాయి.

నేను పైకీ కిందికీ చూశాను. ఎడమ ముందు రిమ్ అంచు కొద్దిగా వంగింది, సరిచేశాను. షాకబ్జార్బర్‌లో ఆయిల్ కారడం లేదు. బండిని మెషిన్ మీదికి ఎక్కించాను. స్క్రీన్ మీద టో ఎర్రగా వచ్చింది. ముందు చక్రాలు రెండూ నేరుగా ముందుకు చూస్తున్నాయా, లోపలికో బయటికో తిరిగాయా అని చెప్పే అంకె టో. స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ టై రాడ్. దాన్ని తిప్పితే టో సరిపోతుంది. మామూలుగా ఒక చుట్టు, ఎక్కువంటే రెండు. ఆ రోజు ఎడమ వైపు ఆరు చుట్లు తిప్పాను. ఆరు అని లెక్కపెట్టాను కూడా. అంకె పచ్చబడింది. మాల్యాద్రిని పిలిచి స్క్రీన్ చూపించాను. ఇద్దరం బస్టాండు దాకా నడిపి చూశాం. బండి నేరుగా పోయింది. ఒంటి గంటకు అతను వెళ్ళిపోయాడు.

భోజనం చేయబుద్ధి కాలేదు. షెడ్డు ఊడుస్తుంటే కంప్రెసర్ పక్కన ఒక వీల్ కప్ కనిపించింది. చక్రం మీద అందానికి బిగించే ప్లాస్టిక్ మూత. కొక్కేలు విరిగాయని, పారెయ్యమని మాల్యాద్రి వదిలేసిపోయాడు. పారేయడానికి తీశాను. అంచు జానెడు పొడవున గీసుకుపోయింది. ఆ గీతలో నల్ల రంగు అంటుకుని ఉంది. దాని పక్కనే తెల్ల రంగు.

గుంతకు ఎవరూ రంగు వేయరు. నలుపూ తెలుపూ పట్టెలు వేసేది డివైడర్ గట్టుకు.

అప్పుడు ఆరు చుట్లు గుర్తొచ్చాయి. చక్రం వెనక్కి జరిగితే టో తప్పుతుంది. కారణం చూడకుండా టై రాడ్ తిప్పి అంకెను పచ్చగా మార్చవచ్చు. వంగినది వంగినట్టే ఉంటుంది, లాగడం మాత్రం ఆగిపోతుంది. లాగడం ఒక్కటే ఆ బండి మాల్యాద్రికి చెబుతున్న సంగతి. నేను దాన్ని కూడా ఆపేశాను.

ఫోన్ చేశాను. అందుబాటులో లేదని వచ్చింది. పదినిమిషాలకు మళ్ళీ చేశాను. ఒప్పుకున్న ఇంకో బండి బ్రేకుల పని మొదలుపెట్టి, బ్రేక్ ప్యాడ్లు తిరగేసి బిగించి, మళ్ళీ విప్పాను. నాలుగోసారి కూడా ఫోన్ కలవలేదు. రేపు నాలుగు గంటలకు ఆ బండిలో నలుగురు ఎక్కుతారు. అందులో ముగ్గురు తమంతట తాము దిగలేనివాళ్ళు. ఆ బ్రేకుల బండి యజమానికి రేపు రమ్మని చెప్పి, టేపూ టార్చిలైటూ సంచిలో వేసుకుని మోటారు సైకిల్ తీశాను.

మర్రిపాడు దాటేదాకా ఎండ తగ్గలేదు. దారి పక్కన తెల్ల కారు ఏది ఆగి ఉన్నా నెమ్మదించి ఎడమ చక్రం చూశాను. ఒకచోట పెళ్ళి బండి, ఇంకోచోట ఎవరో మామిడి పళ్ళు దింపుకుంటున్న బండి. ఉదయగిరి కొండ కనిపించేసరికి నాలుగున్నర దాటింది.

బండి అతని ఇంటి ముందే ఉంది. మాల్యాద్రి బకెట్ పెట్టుకుని కడుగుతున్నాడు. నన్ను చూసి గబగబా ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"అమ్మ ముందర ఆ మాటొద్దన్నా," అన్నాడు మెల్లగా.

నేనింకా ఏ మాటా అనలేదు.

టేపు తీసి కుడివైపు కొలిచాను. ఎడమవైపు కొలిచాను. ఎడమవైపు కొలత బొటనవేలు వెడల్పున తక్కువ వచ్చింది. నమ్మబుద్ధి కాక రెండువైపులా మళ్ళీ కొలిచాను. కింద పడుకుని టార్చి వేశాను. లోయర్ ఆర్మ్ వెనక కొసన పెయింటు పెచ్చులుగా లేచింది. దాని మధ్యలో సన్నటి తుప్పు గీత. కొత్త తుప్పు, అంటే ఈమధ్యే పడిన పగులు.

బండి రేపు కదలకూడదని చెప్పాను.

"మెషిన్‌లో పచ్చంగా వచ్చిందని నువ్వే గదన్నా చూపించినావు?"

"చూపించినాను. తప్పు నాదే."

రేపు పోకపోతే అమ్మకు ఒంట్లో నీరు చేరి ఊపిరాడదన్నాడు. మొన్నొకసారి ఒక రోజు ఆలస్యమైతే ఎలా అయిందో చెప్పాడు. నలభై దాటకుండా పోతానన్నాడు. నలభైలోనైనా ఆ ఆర్మ్ తెగితే చక్రం పక్కకు మడుచుకుంటుంది, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదని చెప్పాను. అతను వినలేదు. వినే స్థితిలో లేడు. ఇద్దరం బండి పక్కన నిలబడి గొంతు పైకి రాకుండా వాదించుకున్నాం.

పంచలో మంచం మీద అతని తల్లి కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయిన మనిషి. ఎడమ ముంజేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏందిరా ఆ గుసగుసలు? గట్టుకి కొట్టినావని చెప్పు ఆయనకి," అంది.

మాల్యాద్రి బకెట్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేను వెనకాల్నే కూర్చోనుండా గదా నాయనా," అని నాతో అంది. "కునుకు తీసినాడు. వాళ్ళిద్దరూ నిద్దరలో ఉండారు. నేను చూస్తానే ఉండా. భుజం మీద చెయ్యేసేలోపల కొట్టేసినాడు. లేసినాక గుంత అన్నాడు. సరే, గుంతేలే అనుకున్నా."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా పెద్దమ్మా?"

"చెప్తే వాడింక బండి ముట్టడు. వాడు ముట్టకపోతే నన్నెవురు తీసకపోతారు?"

తర్వాత కొడుకు సంగతి చెప్పింది. వారంలో రెండు రోజులు మూడింటికే లేస్తాడు. మిగతా రాత్రులు మిగిలిన గొర్రెలకు కాపలాగా చేలో పడుకుంటాడు. నెల్లూరులో ఆమెకు మెషిన్ పెట్టే నాలుగు గంటల్లోనూ బాడుగలకు తిరుగుతాడు. ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో తప్పు పట్టడం లేదు, మెచ్చుకోలూ లేదు.

చెప్పడం ఆపి నా ముఖం చూసింది.

"నువ్వు గూడా నిద్రపోయినట్టు లేవే."

అన్న పోయాడని చెప్పాను.

"ఎన్నాళ్ళయింది?"

"నెల."

"అయితే ఇంకా పట్టదులే," అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఆ నెలలో చాలామంది నాతో చాలా మాటలన్నారు. వాటిలో నాకు గుర్తున్నది ఇదొక్కటే.

ఆమె అన్నది నిజం. అన్న పోయినప్పటి నుంచి నేను రాత్రికి రెండు గంటలకు మించి నిద్రపోలేదు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ పదిసార్లు చదివి మూసేవాణ్ణి. చుట్లు ఆరు లెక్కపెట్టి కూడా ఎందుకని అడగనివాడు మెలకువగా ఉన్నట్టు కాదు. స్టీరింగ్ ముందు అతనికి ఒక్క క్షణం పట్టిన కునుకు, మెషిన్ ముందు నాకు రెండు గంటలు పట్టింది.

ఉదయగిరిలో నాకు తెలిసిన బాడుగ కారు అతనికి ఫోన్ చేశాను. ఉదయానికి వస్తానన్నాడు. మిగతా ఇద్దరికీ ఏదో పార్టు పోయిందని చెబుదామని మాల్యాద్రి అన్నాడు. ఉన్నది చెప్పమని తల్లి అంది. అతను గోడ దగ్గరికి పోయి ఇద్దరికీ ఫోన్ చేశాడు. గట్టుకు కొట్టిన సంగతి ఇద్దరికీ చెప్పాడు. కునుకు సంగతి ఒకరికే చెప్పగలిగాడు.

మరునాడు నెల్లూరు నుంచి కొత్త లోయర్ ఆర్మ్ బస్సు పార్సిల్‌లో వచ్చింది. అది తీసుకుని మళ్ళీ వాళ్ళ ఊరు పోయి, ఇంటి ముందే బండిని జాకీ మీద లేపి మార్చాను. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నేల మీద పెడితే వంపు ఎవరికైనా కనబడుతుంది. వంపు దగ్గరి పగులులో నా గోరు దూరింది. ఇంకెన్నాళ్ళు నిలిచేదని మాల్యాద్రి అడిగాడు. తెలియదన్నాను. నెల ఆగేదేమో, నెల్లూరు దారిలోని సంగం దాకా కూడా పోయేది కాదేమో. కింద పడుకుని చూసినవాణ్ణి నేనే అయినా, అంతకు మించి చెప్పలేను.

బండిని నిదానంగా ఆత్మకూరు తెచ్చి, ముందు కొలిచి, తర్వాతే మెషిన్ మీదికి ఎక్కించాను. టో మళ్ళీ ఎర్రగా వచ్చింది. సరిచేయడానికి ఎడమ టై రాడ్‌ను అయిదున్నర చుట్లు వెనక్కి తిప్పాను. నేను ముందు తిప్పిన ఆరులో దాదాపు అన్నీ తప్పే.

తల్లి మాట మీద మాల్యాద్రి నెల్లూరు బాడుగలు మానుకున్నాడు. ఆమెకు డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ కారులో సీటు వెనక్కి వాల్చి పడుకుంటాడు. కునుకు సంగతి తెలిసిన ఆ ఒక్కరూ నెల రోజులు వేరే బండిలో పోయి, తిరిగి ఇతని బండికే వచ్చారు.

ఆ బండి తర్వాత నా పనిలో కొన్ని మారాయి. టేపు నా జేబులో ఉంటుంది. ఏం జరిగిందని నడిపినవాణ్ణి అడిగాక, పక్కన కూర్చున్నవాళ్ళనూ అడుగుతాను. నడిపినవాళ్ళు పరువు కోసం ఏదైనా దాచవచ్చు. కూర్చున్నవాళ్ళకు దాచే అవసరం తక్కువ. అయితే ఆ పెద్దమ్మ కూడా దాచింది, కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మను. రిమ్ చూస్తాను, వీల్ కప్ చూస్తాను.

ఇంకొకటి కూడా మారింది. అది గిరాకీలకు చెప్పను. నిద్ర పట్టని రాత్రి తర్వాత స్టీరింగ్ పని, చక్రాల పని ముట్టను. ఆయిల్ మారుస్తాను, ఫిల్టర్లు కడుగుతాను. అలాంటి రోజు ఎవరైనా అలైన్‌మెంట్‌కు వస్తే మెషిన్ పనిచేయడం లేదని, రేపు రమ్మని చెబుతాను. మెషిన్ బాగానే ఉంటుంది. ఇప్పటికీ నెలలో నాలుగైదుసార్లు ఆ అబద్ధం చెబుతూనే ఉన్నాను.