కూర్చున్నాక చెప్పే కబురు

దొడ్డమ్మ పోయిందన్న కబురు నేను నిలబడి విన్నాను. మస్కట్‌లో నేను పనిచేసే ఇంట్లో, ఇస్త్రీ బల్ల ముందు, ఇంటాయన పొడుగు చొక్కా ఒక చేత్తో పట్టుకుని. ఫోను చేసింది నా కూతురు. "అమ్మా, అమ్మమ్మ పోయిందమ్మా" అని ఒక్క ముక్క అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాను గానీ చాలాసేపు కూర్చోవాలన్న ఆలోచనే రాలేదు. ఆవిడే ఉండి ఉంటే ఈ కబురు నాకు ఇలా చేరనిచ్చేది కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ పిల్లుల గురించి చెప్పాలి.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి సొంత అక్క, నన్ను పెంచిన మనిషి. నా కూతురు ఆవిడ్ని అమ్మమ్మా అనే పిలుస్తుంది. రాజోలు దాటి సముద్రం వైపు వెళితే మా ఊరు. ఆవిడది ఎండుచేపల వ్యాపారం. రేవులో నెత్తళ్ళు, సావిళ్ళు కొని, వాకిట్లో తాటాకు చాపల మీద ఎండబెట్టి సంతలకి తీసుకెళ్ళేది. అలాంటి ఇంట్లో మూడు పిల్లులు. కొనడానికి వచ్చినవాళ్ళు అడక్కుండా ఉండలేకపోయేవారు.

"ఏమండీ, ఎండుచేపలూ పిల్లులూ ఒకే వాకిట్లోనాండీ?"

"ఆయ్. ఇవి దొంగలు కాదండీ, వాటాదార్లు. కాకుల్ని తోల్తాయి, తలకాయలు పట్టుకెళ్తాయి."

కాకుల్ని తోలడం నేనెప్పుడూ చూడలేదు. చాప చివర వెల్లకిలా పడి నిద్రపోవడం మాత్రం రోజూ చూసేదాన్ని.

వాటిలో పెద్దది చారల గండుపిల్లి. దాని పేరు తాసీల్దారుగారు. పిలిస్తే రాదు, వచ్చినప్పుడు ముందు చెప్పదు, వాకిలంతా ఒకసారి తనిఖీ చేసి తన వాటా తిని వెళ్ళిపోతుంది. నాలుగైదు రోజులు కనబడకపోతే "క్యాంపుకెళ్ళేరు" అనేది దొడ్డమ్మ. ఆయనతో అండీ లేకుండా మాట్లాడడం నేను వినలేదు. రెండోది నల్లది. ఎవరైనా చూస్తుంటే ముద్ద ముట్టదు, తలుపు చాటుకెళ్ళి తింటుంది. అందుకని నల్లకోడలు. మూడోది చిట్టి. ఏడాదికి రెండు కాన్పులు, అవి కూడా మనం పరిచిన గోనెపట్టా మీద కాదు, తనకి నచ్చినచోట. మూడింటిలో ఒక్కటి కూడా ఆవిడ మాట వినేది కాదు. "వినకపోతే ఏమైందే? ఇంట్లో ఉంటన్నాయి గదా" అనేది. నేనూ ఆవిడ మాట వినకుండానే పెళ్ళి చేసుకున్నాను. మా ఆయన ఇంకో సంసారం చూసుకున్నాక ఆరేళ్ళ పిల్లతో ఆ వాకిట్లోకే తిరిగొచ్చాను. అప్పుడు కూడా ఆవిడ ఒక్క మాట అనలేదు. ముందు పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది, పిల్లులు ఆ వారం ఏం చేశాయో చెప్పింది. నన్ను ఏమైందని అడిగింది అన్నాలు తిన్నాకే.

పిల్లని ఆవిడ దగ్గర పెట్టి నేను మస్కట్ వెళ్ళాను. అక్కడ శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఫోన్లో ఆవిడ గొంతు వచ్చి ఉండేది. రాయడం రాదు గనక మాట్లాడి పంపేది. ఆ మాటల్లో ముందు పిల్లుల సంగతులు, ఆ తర్వాతే మనుషులవి. తాసీల్దారుగారు ఎక్కడికెళ్ళేరు, నల్లకోడలు ఎవరిమీద అలిగింది, చిట్టి పిల్లల్ని ఏ అటక మీద పెట్టింది. ఇవన్నీ అయ్యాక చివర్లో నా కూతురి చదువు, ఇంటి కప్పు, ఊళ్ళో పెళ్ళిళ్ళు.

ఒకసారి పిల్లుల సంగతులే ఏడు నిమిషాలు సాగాయి. చిట్టి బియ్యం డ్రమ్ములో ఈనిందట, డ్రమ్ము ఎవరు తెరిచారు, ఎవరు కేక పెట్టారు, పిల్లలు ఏ రంగు. నాకు విసుగొచ్చింది. ఎనిమిదో నిమిషంలో చెప్పింది, పిల్లకి డెంగీ జ్వరమనీ, ఆసుపత్రిలో చేర్చామనీ, ఇప్పుడు పర్లేదనీ. నేను వెంటనే ఫోను చేసి ఎగిరాను.

"నీకు బుద్ధుందా దొడ్డమ్మా? పిల్ల ఆసుపత్రిలో ఉంటే నాకు డ్రమ్ము సంగతి చెప్తావా?"

ఆవిడ కోప్పడలేదు. "ఇప్పుడు కూర్చున్నావా, నించున్నావా?" అంది.

"కూర్చున్నాను."

"ఆ డ్రమ్ము సంగతి వింటా కూర్చున్నావు గదా. అందుకే చెప్పేను. కబురు మనిషిని నిలబెట్టి చెప్పకూడదే."

అప్పుడు నాకు బిందె గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఒకే ఒక్కసారి చెప్పింది ఆ మాట, చేపలు తిరగేస్తూ, నా మొహం చూడకుండా. పెదనాన్న చేపల వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదన్న సంగతి ఎవరో దారిన పోతూ కేకేసి చెప్పారట. ఆవిడ నీళ్ళ బిందె చంకన పెట్టుకుని కుళాయి దగ్గర్నుంచి వస్తోంది. "బిందె దింపుకోమని కూడా ఎవరూ అనలేదే. నిండు బిందె. అలాగే ఇంటిదాకా మోసేను" అంది. అప్పటికి ఆవిడ వయసు ఇరవై నాలుగు.

ఆ తర్వాత నాకు లెక్క తెలిసింది. పిల్లుల సంగతి చిన్నదైతే అంతా బాగున్నట్టు. పెద్దదైతే వెనకాల ఏదో ఉన్నట్టు. ఫోను తీయగానే ఎన్ని నిమిషాలుందో చూసుకునేదాన్ని.

చివరిది పదకొండు నిమిషాలు.

 వినడం మానేసి ముందు కూతురికి ఫోను చేశాను. నవ్వుతూనే మాట్లాడింది. ఒంట్లో బాగుంది, కాలేజీ బాగుంది, పరీక్షలకి చదువుతోంది. అమ్మయ్య అనుకున్నాను. ఇంక అందులో ఉన్నవి పిల్లులేలే అనుకుని రెండు నిమిషాలు విన్నాను. ఆ ఇంట్లో ఆ వారం చుట్టాలు దిగారు, శుక్రవారం కూడా నాకు సెలవు లేదు. వచ్చే శుక్రవారం తీరిగ్గా విందామని పక్కన పెట్టేశాను. ఇంట్లో చెడ్డకబురు అంటే నా పిల్ల గురించే అనుకున్నాను నేను. ఆవిడ గురించి కూడా ఒక కబురు ఉండొచ్చని నాకు తట్టలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ తన గురించి ఏమీ చెప్పి ఎరగదు, నేనూ అడిగి ఎరగను.

బుధవారం పొద్దున పది గంటలప్పుడు, చాపల పక్కన పీట మీద కూర్చునే పోయింది. కాకులు చేపల మీద వాలుతున్నా ఆవిడ కర్ర ఎత్తకపోవడం చూసి పక్కింటావిడ వచ్చిందట. నా కూతురికి కాలేజీ గేటు దగ్గర చెప్పారు. దానికీ నాకూ, ఇద్దరికీ నిలబెట్టే చెప్పారు.

నేను వచ్చేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. ఆ మిగిలిన తొమ్మిది నిమిషాలు వినడానికి నాకు ధైర్యం చాల్లేదు. పెద్దకర్మ అయిన మర్నాడు, మధ్యాహ్నం, ఆవిడ పీట మీద కూర్చుని విన్నాను. కూర్చోవాలని గుర్తుపెట్టుకుని మరీ కూర్చున్నాను. తాసీల్దారుగారు క్యాంపుకెళ్ళి మూడు రోజులైంది, ఈసారి ఎందుకో ఆలస్యం చేస్తున్నారు. నల్లకోడలు మొదటిసారి వాకిట్లో అందరి ముందూ తింది, సిగ్గు పోయింది దానికి. చిట్టికి మళ్ళీ నెలలు. అలా వెళ్ళి వెళ్ళి, పదో నిమిషంలో ఆగింది.

"కూర్చున్నావా?... ఏం లేదే. సంతలో రెండుసార్లు ఆయాసం వచ్చింది. డాక్టరుగారు అమలాపురం ఎల్లి గుండె పరీక్ష చేయించుకోమన్నారు. పిల్ల పరీక్షలయ్యేక ఎల్దామని. దానికి చెప్పలేదు, చదువుకుంటంది గదా. నీకు చెప్పకపోతే తర్వాత ఎగురుతావని చెప్తన్నాను. పరిగెత్తుకు రాకు. అదిగో, నల్లకోడలు పిలుస్తంది. ఉంటానే."

ఆ రోజే విని ఉంటే మర్నాడే ఎవర్నయినా బతిమాలి అమలాపురం పంపించేదాన్ని. బతికేదో లేదో నాకు తెలియదు. డాక్టర్లు కూడా చెప్పలేరు. కానీ నాకోసం పది నిమిషాలు పీట వేసి కూర్చోబెట్టిన మనిషి ముందు నేను కూర్చోలేదు. అది మాత్రం నాకు తెలుసు. దీనికి ఓదార్పు మాటలు చెప్పడానికి వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చి పంపేశాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. సంతలో చూసి ఉంటారేమో. కాటా కాస్త మొగ్గేటట్టు తూచి, పైన గుప్పెడు వేసి, "పిల్లులు లేవాండీ మీ ఇంట్లో? ఉంటే ఇంకో రెండు తలకాయలు వేస్తాను" అనేది. ఆవిడ నన్ను పెంచింది, నా కూతుర్ని పెంచింది. ఇంటికి తిరిగొచ్చిన ఏ ప్రాణినీ ఎక్కడికెళ్ళావని అడగలేదు.

నిన్న సాయంత్రం తాసీల్దారుగారు వచ్చారు. మూడు వారాలకు. గోడ దూకి, తోక నిలబెట్టుకుని, వాకిలంతా తనిఖీ చేశారు. చాపలు చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని వాసన చూశారు. తలుపు దాకా వెళ్ళి లోపలికి చూశారు. తర్వాత నా ముందుకొచ్చి ఆగారు, ఆవిడ పీట మీద నన్ను చూస్తూ.

మా ఇంట్లో ఈ కబురు తెలియంది ఇంక ఆయనొక్కరికే. నా కూతురు గుమ్మంలోంచి "చెప్పెయ్యమ్మా" అంది.

"కూర్చోండి" అన్నాను ఆయనతో.

కూర్చోలేదు. ఎప్పుడు విన్నారు గనక.

అందుకని మొదలుపెట్టాను. చిట్టి ఈసారి చాపల చుట్టలోనే ఈనిందనీ, నాలుగు పిల్లలనీ, ఒకదానికి అచ్చం మీ చారలే వచ్చాయనీ. నల్లకోడలు నా కంచం పక్కనే కూర్చుని తింటోందనీ. పిల్ల పరీక్షలు బాగా రాసిందనీ. కాకులు ఈ మధ్య ఇటు రావడం లేదనీ. చెప్పడానికి ఇంకేమున్నాయా అని వెతుక్కుంటూ చెప్పాను.

ఆయన ఇంకా నిలబడే ఉన్నారు.