ప్రభాకర్ కాక టీవీలో నాలుగో రంగు

“తెరమీద పచ్చగ కనవడ్డది తెర బయట గూడ పచ్చగనే ఉంటే?”

ఆ మాట నోట్లోంచి వచ్చిందో, కడుపులోనే మెదిలిందో ప్రవళికకే తెలియలేదు. ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతోంది. బయట ముసురు. మధ్యాహ్నమే లైట్లు వేసుకునేంత మబ్బు. ఎదురుగా గోడమీది పెద్ద టీవీలో అదే పిల్ల, మనిషంత పెద్దగా, బంగారు బొమ్మలా మెరుస్తోంది.

ఆ టీవీ ప్రభాకర్‌ది. కోరుట్లలో రోడ్డువైపు అతని టీవీల దుకాణం, వెనక ఇల్లు. మీది వాటాలో ప్రవళిక కిరాయికి ఉంటుంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. భర్త మధుకర్ దోహాలో పని. కాన్పయ్యాక కోడలికి తోడుగా ఇబ్రహీంపట్నం నుంచి అత్త మల్లవ్వ వచ్చింది, తమ చేనులో పండిన పసుపు మూట కట్టుకొని మరీ. కొడుకు ముఖం పెద్దగా చూడాలని ఆమె ముచ్చటపడితే, ఆ రోజు వీడియో కాల్‌ను ప్రభాకర్ తన టీవీకి కలిపాడు. “మనుమరాలిని గూడ పెద్దగ చూపెట్టు” అంటే పిల్ల బొమ్మను తెరనిండా పెట్టాడు.

ప్రభాకర్ పుట్టింది సిరిసిల్లలో. గుంట భూమి లేని ఇల్లు. తల్లి కొమురమ్మ మరమగ్గాలకు కండెలు చుట్టి కొడుకును సాకింది. పదో తరగతి తప్పి దుబాయి పోయి, అక్కడ ఒక పెద్ద టీవీల దుకాణంలో కుదిరాడు. పొద్దున షట్టర్ ఎత్తగానే గోడనిండా ఉన్న టీవీలకు రంగులు సరిచేయడమే అతని పని. రంగు చూసే గిరాకీ వస్తుందని నమ్మినవాడు. తిరిగి వచ్చేటప్పుడు, మోజుపడ్డ టీవీనొకదాన్ని పెండ్లి పిల్లను తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాడు. మామూలు తెరమీది ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడే గీతలుంటాయి. ఈ టీవీలో వాటి పక్కన పసుపు గీత కూడా ఉంది.

“అందరియి మూడు రంగులు, నాది నాలుగు,” అనేవాడు దుకాణానికి వచ్చినవాళ్లతో.

“నాలుగోది ఏందే?”

“పచ్చ.”

“పచ్చ ముందే ఉండె గద?”

“అది చెట్టు పచ్చ. గిది పసుపు పచ్చ. మనోళ్లతోని గిదే కష్టం. రెండు రంగులకు ఒక్కటే పేరు పెట్టుకున్నరు!”

ప్రవళిక కడుపుతో ఉన్నప్పుడే అతనితో వాదన పెట్టుకుంది. “కాకా, కెమెరా మూడు రంగుల లెక్కనే పంపుతది. నాలుగోదానికి కబురే రాదు. వచ్చిన మూడిట్లకెల్లే నీ టీవీ అందాజగ పసుపు తీసుకుంటది.”

“అయితే తెరమీద గా పసుపు కుప్ప ఎట్ల మెరుస్తుందో చూడు మరి.”

“మెరుస్తది. వెలుగు పెరుగుతది. కొత్త సంగతేం రాదు.”

“చదువుకున్నోళ్ల కండ్లకు గంతే కనవడుతది తియ్యి!”

తేల్చుకుందామని రెండు టీవీలు పక్కపక్కన పెట్టి ఒకే వార్తల ఛానల్ చూశారు. వార్తలు చదివే అమ్మాయి మెడలో గొలుసు కాక టీవీలో ఎక్కువ తళుక్కుమంది. ముఖం కూడా కొంచెం పసుపెక్కింది. ప్రభాకర్ గొలుసును చూశాడు, ప్రవళిక ముఖాన్ని చూసింది. ఎవరి గెలుపు వాళ్ళు గెలిచి లేచారు.

కాక టీవీ ముఖాలను పసుపెక్కిస్తుందన్న ఆ సంగతే ఇప్పుడు ఆమెకు ఆసరా అయింది.

“నా బంగారి ఎంత పచ్చగుందో!” తెరను చూసి మల్లవ్వ మెటికలు విరిచింది. ఆ ఇళ్లలో పచ్చగా ఉందంటే దీవెన.

“నాకైతే ఫోన్ల మంచిగనే కనవడుతుంది అవ్వా,” అన్నాడు దోహా నుంచి మధుకర్.

ప్రవళిక గుండె కాస్త కుదుటపడింది. ఫోనులో ఉన్నవి మూడే రంగులు, కాబట్టి అదే నిజమై ఉండాలి. “పిల్లకు ఏం కాలే అత్తా. కాక టీవీకే కామెర్లు!”

“కామెర్లోనికి లోకమంత పచ్చగనే!” మల్లవ్వ పగలబడి నవ్వింది. మధుకర్ కూడా నవ్వాడు.

ప్రభాకర్ నవ్వలేదు. తన టీవీని ఎవరేమన్నా ఊరుకోని మనిషి, రిమోట్ తీసుకొని టీవీ బంద్ చేశాడు. గది చీకటైంది. వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టనిపించింది.

“పిల్ల పాలు మంచిగ తాగుతుందా బిడ్డా?”

“నిన్నటికెల్లి లేపితెగాని తాగుతలేదు కాకా.”

“బుద్ధిమంతురాలు,” అంది మల్లవ్వ. “ఏడుపన్నదే లేదు.”

ప్రభాకర్ రిమోట్ పక్కన పెట్టి మెల్లగా అన్నాడు. “మా అవ్వను నేను గిట్లనే చూసిన. దుబాయిల, దుకాణంల అన్నిటికన్న పెద్ద టీవీ మీద. ముఖం వాడినట్టు కనవడితే నేనే రంగు పెంచుకునేటోన్ని. పక్కింటామె ఫోన్ చేసి, ‘ప్రభాకరా, మీ అవ్వ పచ్చగైతుందిరా’ అన్నది. కోలుకుంటుందని చెప్పవట్టె అనుకున్న బిడ్డా. సంతోషపడ్డ. నేనచ్చెటాళ్లకు కండ్లు గూడ పసుపు కొమ్ములోలె ఉండె. నన్ను గుర్తు పట్టలే.”

ప్రవళిక లేచింది. పిల్లను ఎత్తుకొని ముందటి వరండాలోకి నడిచింది.

“ముసురుల పసిదాన్ని బయటికి తీస్కపోతవా!” మల్లవ్వ వెంటపడింది.

మబ్బు వెలుతురే అయినా అది పగటి వెలుతురు. ప్రవళిక పిల్ల ఛాతీమీద వేలితో నొక్కి తీసింది. రక్తం పక్కకు జరిగిన ఆ క్షణం అక్కడ చర్మం పాలిపోయి కనిపించాలి. పసుపు కనిపించింది.

“పొద్దుగాల పసుపుతోని నలుగు పెట్టిన గదా, గదే రంగు,” అంది మల్లవ్వ.

ప్రవళిక పిల్ల కాళ్ల గుడ్డ విప్పింది. “అరికాళ్లకు పెట్టినవా అత్తా?”

మల్లవ్వ ఆ చిన్న పాదాలను చూసింది. తన చేతివేళ్లను చూసుకుంది. “పెట్టలే,” అంది.

ప్రభాకర్ అప్పటికే బండి తీశాడు.

జగిత్యాల దారి పొడుగునా పిల్ల ఒక్కసారి కూడా కండ్లు తెరవలేదు. ప్రవళిక పాదం గిల్లింది. చిన్నగా మూలిగి మళ్లీ సొమ్మసిల్లింది. మల్లవ్వ మొక్కని దేవుడు లేడు. దవాఖానలో రక్తం తీశారు. ఫలితం చూసిన డాక్టరమ్మ కూర్చోమని కూడా అనలేదు. “ఇంక ఆగితే మెదడుకు ఎక్కేది,” అంటూనే పిల్లను తీసుకొని లోపలికి పోయింది.

అద్దంలోంచి చూస్తే పిల్ల కండ్లకు గంతలు. ఒళ్ళంతా నీలి వెలుగు. ఆ నీలం ఒంట్లోని పసుపును కరిగిస్తుందని ప్రవళికకు తెలుసు, ఎట్ల కరిగిస్తుందో బోర్డుమీద రాసి చెప్పగలదు. అయినా అద్దం దగ్గరనుంచి కదలలేకపోయింది.

ప్రమాదం తప్పిందని చెప్పిన రోజే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఇటువంటి కామెర్లు చెవి నరాన్ని తాకే వీలుంది, పెరిగేకొద్దీ వినికిడి పరీక్షలు చేయిస్తుండాలి.

దవాఖాన వరండాలో ప్రభాకర్ అడిగాడు. “అయితే బిడ్డా, నా టీవీయే నిజం చూపెట్టింది గద?”

అవునంటే ఆ మనిషికి ఊరటగా ఉండేది. ప్రవళికకు అబద్ధం రాలేదు. “లేదు కాకా. మంచిగున్న పిల్లనైనా గది పచ్చగనే చూపెడతది. మధుకర్ ఫోన్ ఏమో పచ్చగున్న పిల్లను మంచిగ చూపెట్టింది. రెండిటికీ పిల్ల సంగతి తెల్వది.”

ప్రభాకర్ పిల్ల ఉన్న గది తలుపువైపు చూశాడు.

“అట్లయితే ఒక్కటి యాదుంచుకో,” అన్నాడు. “ఎవలన్న పిల్ల మంచిగుందని చెప్తే, నా లెక్క సంతోషపడి ఊకోకు. ఎక్కడ నిలవడి చూసినవ్, ఏ వెలుతుర్ల చూసినవ్ అని అడుగు. అడిగినంక గూడ, నువ్వే పోయి చెయ్యివెట్టి చూడు.”

పిల్ల ఇప్పుడు గోడ పట్టుకొని నిలబడుతోంది. పరీక్షలు ఇంకా అయిపోలేదు. ప్రవళిక కాలేజీలో ఉండగా మల్లవ్వ నుంచి వీడియో వస్తుంది, ‘మంచిగుంది, ఆడుతుంది’ అని. “ఎక్కడ కూసున్నరు అత్తా? తలుపు తీసి ఉందా?” అని ప్రవళిక అడుగుతుంది. సాయంత్రం ఇల్లు చేరగానే, సంచి కింద పెట్టకముందే, పిల్లను ఎత్తుకొని వెలుతురులోకి నడుస్తుంది.