స్పర్శ లేని కాలికి దురద

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ చక్రాల కుర్చీలోంచే మీ అందరికీ వందనాలు. నేను మహా భయస్తుణ్ణి, ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు తేలిక.

భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో రొయ్యల లారీలకు ఐసు దిమ్మలు ఎక్కించేవాణ్ణి. ఒకరోజు తడి బల్ల మీద కాలు జారి లారీ మీదనుంచి వెల్లకిలా పడ్డాను, వెన్నుపూస దెబ్బతింది, నడుము కింద స్పర్శ పోయింది. గిల్లినా తెలియదు, సూది గుచ్చినా తెలియదు. అలాంటి కాలికి, సహోదరులారా, దురద పుట్టింది! మోకాలి కింద చీమలు పాకినట్టు మొదలై మంటలా లేచేది. గోకితే గోకినట్టే ఉండదు, దురద మాత్రం తగ్గదు, గోళ్ళలో రక్తం చూసుకుంటే గానీ నేనేం చేశానో నాకే తెలిసేది కాదు.

ఈ మాట విని మన సంఘమంతా సంతోషించింది. "దురద పుట్టిందంటే నరం లేచినట్టే బ్రదర్, దేవుడు స్పర్శ ఇస్తున్నాడు" అన్నారు పెద్దలు. ఉపవాస కూటంలో స్తోత్రాలు కూడా చెల్లించాం. స్వస్థత మొదలయ్యాక ఇంకా డాక్టరెందుకులే అని నేనూ ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం నా భార్య మార్తమ్మ రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళింది. దురద ఓర్చుకోలేక, మంచినీళ్ళ డబ్బాలో ఉన్న ఐసు ముక్క తీసి కాలికి ఆనించి తువ్వాలుతో గట్టిగా కట్టేశాను. ఐసుతో బతికినవాణ్ణి, అది నన్నేం చేస్తుంది అనుకున్నాను. ఒట్టి చేతులతో ఎక్కువసేపు పట్టుకోవద్దని కొత్తవాళ్ళకు చెప్పిన నోరే ఇది! చేతికైతే జివ్వుమని నొప్పి పుట్టి వదిలేస్తాం, ఆ కాలికి చల్లదనం కూడా తెలియలేదు. సాయంత్రం మార్తమ్మ వచ్చి కట్టు విప్పింది.

"ఇదేంటండీ, కాలు ఇలా పాలిపోయింది! ఎంతసేపు ఉంచారండీ?"

తర్వాత అక్కడి చర్మం నల్లబడి పుండైంది. కాకినాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు చూసి, "ఈ దురద చర్మంలో లేదండీ, దెబ్బతిన్న నరం మెదడుకి తప్పుడు కబురు పంపుతోంది. గోకినా, ఐసు పెట్టినా పోదు. ఇంకోసారి ఇలాంటి పుండు పడితే కాలు తీసేయాల్సి రావచ్చు" అని మందులు రాశారు.

ఆ రోజునుంచి నా చేతులంటేనే నాకు భయం పట్టుకుంది. దురద మొదలైతే అవి నన్నడగకుండానే కాలి మీదికి పోయేవి. పనికి వెళ్ళేముందు నా చేతులు కుర్చీకి కట్టేసి వెళ్ళమని మార్తమ్మను బతిమాలాను, ఆమె ఏడుస్తూనే పాత చీర పేలికలతో కట్టేది. ఒంటరి ఇల్లు, కట్టేసిన చేతులు, ఎప్పుడొస్తుందో తెలియని దురద! నరకం ఇలాగే ఉంటుందేమో అనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అది వచ్చింది, నేను గింజుకుంటుంటే ముడి ఊడిపోయింది. చేతులు రెండూ పుండు దాకా వెళ్ళిపోయాయి. గట్టిగా అరిచాను.

"యేసయ్యా, నేను నడవకపోయినా ఫర్వాలేదయ్యా! ఈ చేతులు నా మాట వినడం లేదు, నువ్వు పట్టుకో తండ్రీ!"

అంటూనే రెండు చేతులూ పైకెత్తాను. దించితే చచ్చానన్న భయంతో వచ్చిన పాటలన్నీ పాడాను, గొంతు పోయింది, భుజాలు పడిపోతున్నాయి, అయినా దించలేదు. మార్తమ్మ వచ్చేసరికి అలాగే ఉన్నాను. దురద ఎప్పుడు పోయిందో నాకు తెలియదు, కాలి మీద కొత్త గీత ఒక్కటి లేదు. దేవునికే మహిమ!

ఆ తర్వాత నా చేతులకు ముడి పడలేదు. పుండు మానింది, మందులతో దురద కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. కాళ్ళు లేవలేదు. భయం కూడా అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటుంది. పాటలప్పుడు నేను చేతులు దించకపోతే భక్తి ఎక్కువని మీరు అనుకుంటున్నారు, అసలు సంగతి ఇదండీ!

మీలో భయపడుతున్నవాళ్ళుంటే, భయం పోయాక ప్రభువు దగ్గరికి వద్దాంలే అనుకోకండి, భయంతోనే రండి, ఆయన పట్టుకుంటాడు. ఇదిగో, ఈ మాట చెబుతుండగానే కాలిలో మళ్ళీ మొదలైంది. నేను చేతులెత్తుతున్నాను. మీరూ ఎత్తండి సహోదరులారా, ఎవరైనా ఒక పాట అందుకోండి, కాస్త పెద్దదే అందుకోండి.