ఖాసింబీ తాగని నీళ్లు

ఎవరైనా గ్లాసుడు నీళ్లిచ్చి "తాగమ్మా" అంటే నాకు గొంతు దిగదు. ఏళ్లుగా ఇంతే. ఏదో జబ్బేమోనని మావాళ్లు పరీక్షలు కూడా చేయించారు. జబ్బూ లేదు, పాడూ లేదు. లోపల ఒక మాట ఉండిపోయింది. మా ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెబుతున్నాను.

మాది ఆళ్లగడ్డ. మా ఆయన రాతి విగ్రహాలు చెక్కిస్తాడు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు. చెక్కడం మగవాళ్ల పని. నీళ్లు పోస్తూ రాయిని నునుపుగా రుద్దడం ఆడవాళ్ల పని. వానలు ఎగ్గొట్టి కౌలుచేను ఎండిపోయాక ఖాసింబీ ఆ పనికి వచ్చింది.

షెడ్డుకు బాత్రూం లేదు. వెనక కంపచెట్లు ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లు ఆ చాటుకు పోయేవాళ్లు. అవి కొట్టేసి ప్లాట్లు వేశాక మా ఇంట్లోకి రావడం మొదలుపెట్టారు. ఆ ఏడు ఎండలు మరీ ముదిరాయి. మా బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్లు పోయించుకుంటున్నాం. కొత్తగా టైల్స్ వేయించిన బాత్రూం, దాన్నిండా రాతిపొడి అడుగులు. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, ఒక్కసారి లోపలికి పొయ్యొస్తా," అంది ఖాసింబీ ఒక మధ్యాహ్నం.

"ఊరికూరికే ఏందమ్మే? నీళ్లు తక్కువ తాగితే సరిపోతాది గదా!"

ఆమె నవ్వి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. అడగనందుకు సంతోషించాను కూడా. రోజంతా చేతులు నీళ్లలో నానుతున్నా, ఆ కాలే రేకుల కింద ఆ మనిషి గుక్కెడు తాగకుండా పనిచేస్తోందని నాకు తెలియదా? తెలుసు. పొద్దున తెచ్చుకున్న సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి పోయేది. కిటికీలోంచి చూసేదాన్ని.

ఎండలు తగ్గకముందే పడిపోయింది. నంద్యాల ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. అంత ఎండలో నీళ్లెందుకు తాగలేదని అడిగాడు. ఖాసింబీ నా వైపు చూసింది. ఆ చూపులో కోపమైనా ఉంటే బాగుండేది.

"ఎంత చెప్పినా ఇనదు సార్. అంతా మొండితనం," అన్నాను.

"అవ్ సార్, తప్పు నాదే," అంది.

నేనెందుకలా అన్నాను? నన్నెవరైనా నిలదీశారా? పరువు కోసమా? ఆమె ఎందుకందో మాత్రం తెలుసు, పని పోకూడదని. అదీ పోయింది. కాసేపు వంగితే ఆయాసపడే మనిషి రాయేం రుద్దుతుంది?

తర్వాత షెడ్డు పక్కన బాత్రూం కట్టించాను. అందరూ మెచ్చుకున్నారు. నోరు మూసుకుని ఆ మెచ్చుకోలూ తీసుకున్నాను.

మొన్న ఖాసింబీ బస్టాండులో నంద్యాల బస్సు కోసం కూర్చుని ఉంది. పక్కనున్న ఆడపిల్లలకు చెబుతోంది: "నా మాదిరి మొండికి పోవద్దండమ్మా. నీళ్లు తాగండి." నన్ను చూసి తన సీసా చాపింది. "తాగక్కా, ఎండ జాస్తిగుంది." గొంతు దిగనంటున్నా తాగాను. ఆ పిల్లల ముందు అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆమెకు చదువు రాదు, ఇది ఆమెదాకా పోదు. అయినా రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. ఖాసింబీ మొండిది కాదు. తాగొద్దన్నది నేను.