అడీనియానికి స్నానం

మా ఊళ్ళో దేన్నైనా బాగా చూసుకోవడమంటే దాన్ని రోజూ కడగడమే. కూర్మన్నపాలెంలో మేముండేది రెండో అంతస్తు. పొద్దున్నే చెప్పుల్లేకుండా బాల్కనీలోకి వెళ్తే ఉక్కు ఫ్యాక్టరీ ధూళికి అరికాళ్ళు నల్లబడతాయి. బండి, కిటికీ ఊచలు, బట్టలారేసే తీగ, క్రోటన్ ఆకులు, అన్నింటినీ తుడవడమో కడగడమో అయితేగాని మాకు రోజు మొదలవదు. ఆ అలవాటుతోనే మా మామగారిచ్చిన మొక్కను చంపినంత పని చేశాను.

ఆయనది కడియం. చిన్నప్పటినుంచీ నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టడమే పని. కూతురు నన్ను చేసుకోవడం ఆయనకిష్టం లేదు. మాది ఆదివారం చర్చికెళ్ళే కుటుంబం, వాళ్ళది శనివారం ఉపవాసముండే ఇల్లు. గొడవేమీ చెయ్యలేదు. పెళ్ళికి రాలేదు, అంతే. ఆ తర్వాత ఆరేళ్ళపాటు మా గడప తొక్కలేదు. అలాగని కూతుర్ని వదులుకోనూలేదు. మొక్కల లోడుతో విశాఖ వచ్చినప్పుడల్లా మద్దిలపాలెంలో దిగి ఫోను చేసేవారు. నా భార్య బస్సెక్కి వెళ్ళి, డిపో దగ్గర టీ కొట్టులో తండ్రితో ఓ గంట కూర్చుని వచ్చేది. నాకు ఒళ్ళు మండేది. ఇల్లుండగా టీ కొట్టులో కలుసుకోవడమేమిటని అడిగితే ఆయన తెచ్చిన పూతరేకులు నా ముందు పెట్టేది. కోపంగానే తినేవాణ్ణి.

ఒకసారి, ఎండలు ముదరకముందు, పూతరేకులకు బదులు కుండీ తెచ్చింది. అందులో అడీనియం. జానెడు మొక్క, మొదలు మాత్రం బొజ్జలా ఉబ్బి సగం మట్టి పైకి కూర్చుని ఉంది. పైన అంటు కట్టిన మూడు కొమ్మలు.

"నీకిమ్మన్నారు" అంది.

"ఏటి, నాకా?"

"నీకే. ఎండలో పెట్టి, మట్టి బాగా ఎండాకే నీళ్ళు పొయ్యమన్నారు. ఎక్కువ పట్టించుకోవద్దన్నారు. పూసినప్పుడు చూడ్డానికి వస్తానన్నారు."

ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. మా ఇంట్లో తండ్రికి అన్నం వడ్డించాలన్న కోరిక ఆమెకు ఆరేళ్ళుగా ఉందని నాకు తెలుసు. ఇప్పుడది ఈ బొజ్జ మొక్క పువ్వుకి వచ్చి ఆగింది.

పట్టించుకోవద్దన్న సలహా నాకు నచ్చలేదు. నన్ను పట్టించుకోని మనిషి మొక్కనూ అలాగే పెంచమంటున్నారనిపించింది. నేను బాగా పెంచి చూపిద్దామనుకున్నాను. రోజూ పొద్దున్న దానికి తలస్నానం. ఆకుల మీది నల్ల ధూళి పోయేదాకా చెంబుతో నీళ్ళు, మొదలు ముడతల్లో పాత బ్రష్షుతో రుద్దుడు. వానలు మొదలయ్యాక కూడా మానలేదు, ఎందుకంటే ధూళి మానలేదు.

ఆటోనగర్‌లో నాది లేత్ మీద పని. కొలవనిదే ఏదీ నమ్మను. షెడ్డు నుంచి మందం కొలిచే వెర్నియర్ ఇంటికి తెచ్చి, ఆదివారం చర్చి నుంచి రాగానే మొక్క మొదలు కొలిచేవాణ్ణి. షెడ్డులో పక్క మెషీను అతను చూసి, "ఏటి బావా, వెర్నియర్ ఇంటికి అట్టుకెల్తన్నావ్, వంకాయలు కొలుత్తావేటి?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. వారం వారం మొదలు లావవుతోంది. నాకు గర్వంగా ఉండేది.

ఒక ఆదివారం వెర్నియర్ బిగించబోతే దాని దవడలు మెత్తగా లోపలికి దిగిపోయాయి. గోధుమరంగు నీరు కారింది. వాసన కూడా వేసింది. ఇరవై ఏళ్ళ పనిలో, కొలుస్తుంటే నొక్కుకుపోయిన వస్తువును నేను చూడలేదు. లావయిందనుకున్నది నీరు పట్టిన వాపు.

నా భార్య వచ్చి చూసింది. తిట్టలేదు.

"ఇంక రారు" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. ఆమె ఫోనులోంచి నంబరు తీసుకుని ఆరేళ్ళలో మొదటిసారి ఆయనకు ఫోను చేశాను.

"మావయ్యగారూ, నానండి. మొక్క కుళ్ళిపోతందండి. రోజూ కడిగాను."



"మొక్కని కడిగారాండి?"

"దుమ్ము పడతాదండి ఇక్కడ."

"ఇంకేం ముట్టుకోకండి. కుండీలోంచి తీసి నీడన పడుకోబెట్టండి. నేనొస్తున్నాను."

మర్నాడు మధ్యాహ్నం చేతిసంచితో వచ్చారు. చెప్పులు విప్పి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా బాల్కనీలోకి వెళ్ళారు. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, కింద నుంచి చేమదుంప కోసినట్టు చక్రాలుగా కోసుకుంటూ పోయారు. కోసిన ప్రతిసారీ గోధుమరంగు మరక కనిపించేది, ఇంకో చక్రం తీసేవారు. నా భార్య గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముప్పాతిక బొజ్జ పోయాక తెల్లటి కండ వచ్చింది. ఆయన మొక్క పాలు అంటిన చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు ఆ గ్లాసు అందుకుని తాగారు.

కోసిన చోట పసుపు అద్ది, మొక్కను బట్టల తీగకు తలకిందులుగా కట్టారు.

"ఆరేదాకా మట్టిలో పెట్టకూడదండి. వారం పట్టుద్ది. గోటితో కొడితే అట్టముక్కలా చప్పుడవ్వాలి, గోటికి తడి తగలకూడదు. ఇది అయ్యేదాకా ఉంటానండి" అన్నారు.

నా భార్య వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ వారం ఆయన పెద్దగా మాట్లాడలేదు. పెట్టింది తిన్నారు, శనివారం పాలు తాగి ఉన్నారు. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి బాల్కనీ అంతా కడిగేసి ఉంది. "ఏం దుమ్మండి బాబూ" అన్నారు నాతో, తప్పు నాదన్నట్టు.

ఎనిమిదో రోజు పొద్దున్న కళ్ళజోడు పెట్టుకుని మొక్కను తీగ మీంచి దించారు. గోటితో రెండుమూడు చోట్ల కొట్టారు. నన్ను పిలిచారు.

"ఇంకా తడిగానే ఉన్నట్టుందండి. మరో నాలుగు రోజులు ఆగాలేమో. ఏమంటారు?"

మొక్కను నా చేతికిచ్చారు. నేనూ గోటితో కొట్టాను. అట్టముక్క చప్పుడే. గోటికి తడి లేదు. లోపల్నుంచి నా భార్య, "నాన్నా, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అని పిలుస్తోంది.

"అవును మావయ్యగారూ, ఇంకా పచ్చిగానే ఉంది" అన్నాను.