అన్న ఊపిరిలో పండు వాసన

అన్న అయ్యప్ప మాల వేశాక ధర్మవరంలోని మా ఇంట్లో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేకపోయారు. మాల వేసినవాడు సామి. కన్నతల్లి అయినా కాళ్లకు మొక్కాలి, ఎదురు మాట్లాడకూడదు. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ సూదుల మీద బతుకుతున్నవాడికి అడ్డుచెప్పే మనిషి లేడంటే నాకు గుబులుగా ఉండేది.

"ఒంటిపూట తినేవానికి దినామూ సూదులెందుకప్పా? చక్కెర పడిపోతాది," అన్నాడు ఒకరోజు మగ్గం దిగుతూ. ఆ రోజు నుంచే సూది మానేశాడు.

రెండు మూడు రోజులకే అతని ఊపిరి బాగా మాగిన అరటిపండు వాసన వేయసాగింది. రాత్రిపూట తినేది పండ్లే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పొద్దున్నే, నోట్లో ఏమీ పడకముందే, పూజలో కూర్చున్నప్పుడూ అదే వాసన.

"అయ్యప్ప సామి పలుకుతాండాడు, ఇల్లంతా పరిమళమే," అని అమ్మ చెంపలేసుకుంది.

వీధిలో ఆడవాళ్లు వచ్చి అతని పక్కన కూర్చుని భజన చేశారు. అన్న మాత్రం రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. ట్యాంకరు వస్తే తప్ప నీళ్లు దొరకని వీధిలో అతనొక్కడికే తాగడానికి బిందెడు చాలేది కాదు. అదీ నిష్ఠేనన్నారు. నాకు ఒళ్లు మండింది.

అనంతపురంలో నేను పనిచేసే కాలేజీ ల్యాబులో, ఊపిరి ఊదితే చక్కెర అదుపు తప్పిందేమో చూపించే చిన్న యంత్రాన్ని పరీక్షిస్తున్నారు. ఇన్సులిన్ అందని ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు రక్తంలో చేరే విషమే ఊపిరిలో పండు వాసనై బయటికొస్తుంది. ఆ యంత్రాన్ని అడిగి ఇంటికి తెచ్చాను. అన్న ఊదాడు. ఎర్ర దీపం వెలిగింది.

"పండ్లు తినింటాడు, దానికే," అంది అమ్మ.

"అది పండు వాసన కాదమ్మా. సామీ, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం రా."

"తాగినోళ్లను పోలీసోళ్లు ఊదించినట్ల సామిని ఊదిస్తావా? అపచారం!" అంది అమ్మ.

అన్న నీరసంగా నవ్వాడు. "పూజ అయిపోనీ. రేపు పోదాం." సామి మాట కాబట్టి అదే చెల్లింది. నేను కాళ్లావేళ్లా పడినా ఎవరూ కదల్లేదు.

తెల్లారేసరికి వాంతులు. చాలా దూరం పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పుతున్నాడు, పిలిస్తే పలకడం లేదు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారిపొడవునా అదే తీపి వాసన. భయంతో అన్న చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ అతని మీదికి వంగగానే ఆమె ముఖం మారిపోయింది. సెలైన్ పెట్టమని, ఇన్సులిన్ ఎక్కించమని కేకలు వేసింది. చాలా సేపటికి బయటికొచ్చి, "నిన్ననే తెచ్చింటే దక్కేవాడు," అంది. "ఇంత వాసన వస్తాంటే ఇంట్లో ఒక్కరికీ తెలీలేదా?"

అమ్మ రెండు చేతులూ జోడించింది.

"తెలిసిందమ్మా. దినామూ పక్కనే కూచోని, కండ్లు మూసుకోని పీల్చుకుంటాంటిమి."