లేదని రాసివ్వండి

నా చిన్నప్పుడు, అరవైల చివర, నరసన్నపేట వైపు మా ఊళ్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే మందుకు గుణం ఉండదనీ, అదే డాక్టరుగారి ఇంటికి వెళ్లి పుచ్చుకుంటే రోగం కుదురుతుందనీ. అందుకని కోడిపెట్టో అరటిగెలో పట్టుకుని సాయంత్రాలు ఆ ఇంటి అరుగు ముందు నిలబడేవారు. ఆసుపత్రిలో మాయమైన మాత్రలే అక్కడ దొరుకుతున్నాయన్న అనుమానం ఎవరికీ రాలేదు. వచ్చినా పైకి అనలేదు.

ఆ యేడు మా చెల్లికి చలిజ్వరం పట్టుకుంది. మూడేళ్ల పిల్ల. రోజు విడిచి రోజు వణికి వణికి, తల నిలపలేనంత నీరసించిపోయింది. డాక్టరుగారింటికి తీసుకెళ్లడానికి మా అమ్మ ఒక పెట్టను పట్టి బుట్ట కింద మూసింది. మా మేనత్త ఆ బుట్ట ఎత్తి పెట్టను వదిలేసి, చెల్లిని భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పొద్దున్నే ఆసుపత్రికి బయలుదేరింది. మేనత్తకు అక్షరం ముక్క రాదు. నేను మూడో తరగతి.

ఆ రోజుల్లో మందుకు సీసా మనమే తీసుకెళ్లాలి. వరసలో అందరి చేతుల్లోనూ సీసాలే. ఏ రోగానికైనా కంపౌండరు ఒకటే ఎర్రనీళ్లు పోసి, మోతాదుల గుర్తుగా గాట్లు కత్తిరించిన కాగితం అంటించేవాడు. మా వంతు వచ్చింది. డాక్టరుగారు చెల్లి పొట్ట నొక్కి చూసి, చీటీ రాసి, "మాత్రలు స్టాకు లేవు. సాయంత్రం ఇంటికి రా" అన్నారు.

"ఇక్కడ నేని మాత్ర తమరింటికి ఎలగొస్తాది బాబూ?" అంది మేనత్త. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "నేకపోతే నేదు. ఆ ముక్కే ఈ సీటీ మీద రాసియ్యండి."

"రాస్తే సదివేస్తావేటే?" అన్నాడు కంపౌండరు.

"నాకు రాకపోతే ఏటి? నా కోడలు సదువుతాది. ఒసే, ముందుకి రా."

వెళ్లి బల్ల పక్కన నిలబడ్డాను. డాక్టరుగారు కలం ఎత్తారు. అది కాగితం మీద వాలలేదు. లేదని రాస్తే, పంపిన మాత్రలన్నీ ఏమయ్యాయని పైవాళ్లు అడుగుతారు కదా. నోటితో చెప్పే అబద్ధానికి లేని భయం సంతకానికి ఉంటుందని ఆ వయసులో నాకు తెలియదు. ఆయన మొహం చూస్తే మాత్రం ఏదో అర్థమైంది. చివరికి ఎవరి వైపూ చూడకుండా, "లోపలి బీరువాలో చూడవయ్యా" అన్నారు.

మాత్రలు వచ్చాయి. మా వెనకున్న ముసలాయన తన సీసా కింద పెట్టేసి, "నాకూ రాసియ్యండి బాబూ" అన్నాడు.

ఇంట్లో మా నాన్న మండిపడ్డాడు. "డాట్రుతోనా నీ పెంకితనం? రేపు మళ్లీ అవసరం పడదేటి?"

"పడితే రేపూ అడుగుతాను" అంటూ మేనత్త మాత్ర నూరి తేనెలో కలిపింది. వారం తిరక్కుండా చెల్లి లేచి నడిచింది.

ఇప్పుడు ఎర్రనీళ్లు పోయి ఆరోగ్య కార్డులు వచ్చాయి. అద్దాల ఆసుపత్రులు వచ్చాయి. వైద్యాన్ని ఎవరో దయతలచి ఇచ్చేదిగా అనుకున్నంత కాలం మనం ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడే ఉంటాం. నెల కిందట నా మోకాలి ఆపరేషనుకు వెళితే, "ఇది మీ కార్డుకు రాదండి మామ్మగారూ" అన్నాడు బల్ల వెనక కుర్రవాడు, నవ్వుతూనే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కళ్లజోడు తీసి పెట్టుకున్నాను.

"రాసివ్వు నాయనా, చదువుకుంటాను" అన్నాను.